మచ్చ ఉన్నవాడూ మచ్చ లేనివాడూ



కరోనా నెమ్మదించి కొన్నేళ్ళయినా, అది మన నోళ్ళలో ఒక మాటను వదిలిపోయింది. ఆ మాట ఇమ్యూనిటీ. అంతకుముందు డాక్టర్లూ సైన్సు అయ్యవార్లూ తప్ప వాడని ఈ మాటను ఇప్పుడు కూరగాయల బండి దగ్గర కూడా వింటున్నాం. కషాయం అమ్మేవాడూ ఇదే మాట చెప్తాడు, తేనె అమ్మేవాడూ ఇదే చెప్తాడు. వాళ్ళ సంగతి వదిలేద్దాం, అది వ్యాపారం. నన్ను ఇబ్బంది పెట్టేది మన వాళ్ళు అనే మాటే. "ఇంటిల్లిపాదీ పడకేసినారు, నాకు మాత్రం తుమ్ము కూడా రాలేదు. నా ఒంట్లో ఇమ్యూనిటీ అట్లాంటిది" అని ఒకాయన ఆరాధన అయ్యాక అందరి ముందూ అన్నాడు. అదే వరుసలో భర్తను పోగొట్టుకున్న చెల్లెలు ఒకామె కూర్చుని ఉంది. ఆమె తల వంచుకుంది. ఆ మాటన్న ఆయన చెడ్డవాడు కాదు, నాకు తెలుసు. కానీ ఆ మాట వెనక ఒక లెక్క ఉంది. నేను బతికాను గనుక నాలో ఏదో ఉంది, పోయినవాడిలో అది లేదు అనే లెక్క.

ఆ లెక్క సరైనదేనా? ఆరోగ్యం మన సంపాదనా? రోగం రావడం రోగి లోపమా? శరీరం తనను తాను కాపాడుకునే తీరును కాస్త దగ్గరగా చూస్తే ఈ ప్రశ్నకు జవాబు ఎటు మొగ్గుతుందో చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. నేను డాక్టరును కాను. టి.సి.హెచ్. చదివి పల్లె బళ్ళలో చెప్పుకుంటూ వచ్చి రిటైరైనవాణ్ణి. అయితే ఈ విషయంలో నా చేతిమీదుగా జరిగిన తప్పు ఒకటి ఉంది. దాన్నుంచే మొదలుపెడతాను.

మాది రాయచెర్లు. తుమకూరు జిల్లా, పావగడ తాలూకా. పటం తీసి చూడండి, కర్ణాటకలోనిదే అయినా మా తాలూకా చుట్టూ మూడు వైపులా ఆంధ్రయే కనిపిస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. వాన పడితే శెనక్కాయ, పడకపోతే బెంగళూరు. ఈ పత్రిక చదివే మీలో చాలామంది ఇట్లాంటి ఊళ్ళనుంచి కదిలి వచ్చినవాళ్ళే గనుక ఇంతకంటే వర్ణన అక్కరలేదు. ఇప్పుడైతే మా ఊరి పొలాల్లో శెనక్కాయ బదులు సోలార్ పలకలు మెరుస్తున్నాయి. 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల కరెంటు ఉత్పత్తి చేసే సోలార్ పార్కు పరుచుకున్న ఊళ్ళలో తిరుమణి, వల్లూరు, బాలసముద్రాలతో పాటు మా ఊరూ ఒకటి. నేను చెప్పబోయేది ఆ పలకలు ఎవరి కలలోకీ రాని కాలపు సంగతి.

1980ల మొదట్లో, ఉద్యోగంలో చేరిన కొత్త. మా ఊరికి దూరంగా ఒక పల్లె బడి. ఒకరోజు ఆరోగ్యశాఖ వాళ్ళు పిల్లలకు కుష్ఠు పరీక్ష చేయడానికి ఒక కార్యకర్తను పంపించారు. ఆయన దగ్గర పెద్ద సామానేమీ లేదు. పిల్లలను వరుసగా నిలబెట్టి, చొక్కాలు విప్పించి, వెలుతురులో ఒళ్ళు చూశాడు. మచ్చ కనిపించిన చోట కళ్ళు మూసుకోమని చెప్పి, పెన్ను మొనతో మెల్లగా తాకి, ఎక్కడ తాకానో వేలితో చూపించమన్నాడు. నాలుగో తరగతి పిల్లవాడొకడికి మోచేతి కింద పాలిపోయిన మచ్చ ఉంది. అరచేతిలో సగం ఉంటుందేమో. ఆ మచ్చమీద తాకితే వాడు ఏమీ చూపించలేదు. కళ్ళు మూసుకుని, ఇంకా తాకలేదని నవ్వుతూ నిలబడ్డాడు.

కార్యకర్త మమ్మల్ని పక్కకు పిలిచి స్పష్టంగానే చెప్పాడు. ఇది అంటుకునే రకం కాదు, మాత్రలు ఇస్తాను, బడికి మాత్రం మాన్పించవద్దు అని. మేం తల ఊపాం. ఆయన సైకిలెక్కి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. మరునాడు బెంచీలు సగం ఖాళీ. పెద్దరోగం ఉన్న పిల్లవాడి పక్కన మా పిల్లల్ని కూర్చోబెట్టం అని నలుగురు వచ్చి నిలదీశారు. హెడ్‌మాస్టరూ నేనూ మాట్లాడుకున్నాం. ఒకణ్ణి కాపాడితే నలభైమంది పోతారు, నలభైమందికోసం ఒకణ్ణి ఆపితే తప్పేమిటి అనుకున్నాం. వాళ్ళ ఇంటికి వెళ్ళింది నేనే. "మచ్చ పోయినాక పంపించన్నా, అంతదాకా ఇంట్లోనే ఉండనీ" అని వాళ్ళ నాయనతో చెప్పాను. బడికి పంపమని కార్యకర్త చెప్పిన మాట నేను చెప్పలేదు. వాళ్ళ నాయన ఏమీ వాదించలేదు. "సరే అయ్యవారూ" అన్నాడు. వాడు మళ్ళీ బడికి రాలేదు. గొర్రెల వెంట పోయాడు.

ఇక శరీరం సంగతికి వద్దాం.

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది. ఇది మన అవ్వలకూ తెలుసు. ఎక్కడో పాదంలో పుండయితే గజ్జల్లో నొప్పెందుకు? ఆ బిళ్ళ మన శరీరపు పోలీసు ఠాణా వంటిది. పుండు దగ్గర దొరికిన సూక్ష్మజీవి ముక్కలను కొన్ని కణాలు అక్కడిదాకా మోసుకొస్తాయి. అక్కడ లక్షల తెల్లకణాలు ఉంటాయి, ఒక్కొక్కటి ఒక్కో ఆకారాన్ని మాత్రమే గుర్తుపట్టగలదు. వచ్చిన ముక్కకు సరిపోయేది దొరికితే ఆ కణం ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతుంది. బిళ్ళ వాచేది అందుకే. వాటిలో కొన్ని ప్రతిరక్షకాలు తయారు చేసి రక్తంలోకి వదులుతాయి. కొన్ని స్వయంగా వెళ్ళి జబ్బుపడిన కణాలను చంపుతాయి. కొన్ని ఏమీ చేయకుండా జ్ఞాపకం పెట్టుకుని ఏళ్ళ తరబడి కూర్చుంటాయి. ఒకసారి తట్టు వచ్చినవాడికి మళ్ళీ రాకపోవడానికి కారణం ఈ జ్ఞాపకమే. టీకా చేసేదీ ఇదే, రోగం లేకుండా రోగపు జ్ఞాపకాన్ని ఇవ్వడం.

కుష్ఠు క్రిమి దగ్గర ఈ కాపలా వింతగా నడుస్తుంది. దాన్ని 1873లో నార్వే డాక్టరు హాన్సెన్ గుర్తించాడు. చాలా సోమరి క్రిమి. మామూలు సూక్ష్మజీవి అరగంటకు ఒకటి రెండవుతుంటే దీనికి దాదాపు రెండు వారాలు పడుతుంది. ఒంట్లో చేరాక బయటపడడానికి ఐదేళ్ళు, ఒక్కోసారి ఇరవై ఏళ్ళు. మనుషుల్లో నూటికి తొంభై ఐదుమందికి, ఈ క్రిమి లోపలికి వచ్చినా రోగం రానే రాదు. వాళ్ళ శరీరం పుట్టుకతోనే దాన్ని అణచగలదు. మిగిలిన కొద్దిమందికే వస్తుంది. వాళ్ళలో కూడా రోగం ఎట్లా ఉంటుందన్నది క్రిమిని బట్టి కాదు, ఆ మనిషి శరీరం దాన్ని ఎదుర్కొనే తీరును బట్టి ఉంటుంది. 1966లో రిడ్లీ, జాప్లింగ్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని ఒక వరుసగా పెట్టి చూపించారు.

ఆ వరుసకు ఒక కొసన గట్టిగా పోరాడే శరీరం ఉంటుంది. అది క్రిములను చుట్టుముట్టి, కణాలతో గోడ కట్టి, ఒక్కచోటే బంధిస్తుంది. గోడ కట్టిన చోట చర్మంమీద మచ్చ కనిపిస్తుంది. ఆ గోడలో నరం చిక్కుకుంటుంది గనుక మచ్చమీద స్పర్శ ఉండదు. క్రిములు లోపల ఎంత తక్కువంటే సూక్ష్మదర్శినిలో వెతికినా దొరకవు. ఇట్లాంటి మనిషి వల్ల ఇతరులకు అంటే ప్రమాదం లేనట్టే. చిన్నపిల్లల్లో ఇట్లాంటి ఒంటి మచ్చ చాలాసార్లు దానంతటదే మాని పోతుంది కూడా.

రెండో కొసన పోరాడని శరీరం. క్రిమిని మింగిన కణం దాన్ని చంపకుండా లోపల ఉండనిస్తుంది. చంపమని చెప్పే సంకేతం దానికి అందదు. క్రిములు లక్షలు, కోట్లు అవుతాయి. అయితే గోడ లేదు, తగాదా లేదు గనుక మొదట్లో స్పష్టమైన మచ్చా ఉండదు, స్పర్శా పోదు. చర్మం కాస్త నునుపుగా మెరుస్తుంది. చెవి తమ్మెలు మందమవుతాయి. కనుబొమల వెంట్రుకలు కొనలనుంచి రాలతాయి. ముక్కు దిబ్బడ. అంతే. చూసేవాళ్ళకు ఆయన ఆరోగ్యవంతుడే. రోగం ప్రధానంగా ఇతరులకు వ్యాపించేది, మందు పడని ఇట్లాంటి మనిషి ముక్కునుంచి.

ఈ రెండు కొసలూ నేను ఒక పుస్తకంలో మొదటిసారి చదివింది, ఆ పిల్లవాణ్ణి ఇంటికి పంపిన పదేళ్ళకు. చదివి పుస్తకం మూసేశాను. ఎందుకంటే ఆ బడి కమిటీలో ఒక పెద్దమనిషి ఉండేవాడు. జెండా పండుగనాడు పిల్లలందరికీ తన చేత్తో మిఠాయి పంచేవాడు. పిల్లవాణ్ణి మాన్పించమని వచ్చిన నలుగురిలో ఆయనా ఉన్నాడు. ఒంటిమీద ఒక్క మచ్చ లేదు. చెవులు మాత్రం మందంగా ఉండేవి, అది అదృష్ట లక్షణమని అనుకునేవాళ్ళం. తర్వాత కొన్నేళ్ళకు ఆయనకు రోగం ముదిరి బయటపడింది.

ఆయనను నేను తప్పుపట్టడం లేదు. ఆయనకూ తెలియదు. ఆయన శరీరం పోరాడకపోవడం ఆయన చేసిన పాపమూ కాదు. నేను చెప్పేది ఏమంటే, ఊరిని కాపాడుతున్నామనుకుని మేం గెంటింది గోడ గట్టిగా కట్టుకున్నవాణ్ణి. ముందు వరుసలో కుర్చీ వేసింది గోడ లేనివాడికి. శరీరం క్రిమిని చూసి పోరాడుతుంది. మేం క్రిమిని చూడలేదు, పోరాటం మిగిల్చిన గుర్తును చూసి భయపడ్డాం.

ఇక్కడ మన పాత నిబంధనలోని యాజకుడి సంగతి గుర్తుకు రాక మానదు. లేవీయకాండములో ఆయన మచ్చను చూసి వెంటనే తీర్పు చెప్పడు. ఏడు దినాలు ఆగి మళ్ళీ చూస్తాడు, అవసరమైతే మరో ఏడు దినాలు ఆగుతాడు. ఆ రోగమూ ఈ రోగమూ ఒకటి కాదని పండితులు చాలాకాలంగా చెబుతున్నారు. ఆ హెబ్రీ మాట బట్టకూ ఇంటి గోడకూ పట్టే మచ్చను కూడా సూచిస్తుంది. మన భాషలో కుష్ఠు అని అనువదించడం వల్ల రోగులకు ఎంత కీడు జరిగిందో చెప్పలేను. అయినా ఆ పద్ధతిలో రెండోసారి చూడడం ఉంది. మా బడిలో అదీ లేదు.

మన దేశపు చట్టమూ రెండోసారి చూడలేదు. 1898 నాటి కుష్ఠురోగుల చట్టం ప్రకారం, గతిలేక వీధిలో తిరిగే రోగిని పట్టుకుని ఆశ్రమంలో నిర్బంధించవచ్చు. డబ్బున్న రోగి ఇంట్లో ఉండవచ్చు. క్రిమికి ధనిక, పేద తేడా తెలుసునని ఆ చట్టం రాసినవాళ్ళు అనుకున్నారేమో! మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1982లో సిఫారసు చేసింది. అందులో రిఫాంపిసిన్ ఒక్క మోతాదు పడితేనే బతికి ఉన్న క్రిములు దాదాపు అన్నీ చస్తాయి. చట్టం మాత్రం 2016 దాకా రద్దు కాలేదు. భార్యకో భర్తకో కుష్ఠు ఉందని విడాకులు అడిగే హక్కు 2019 దాకా ఉంది. మందు వచ్చిన వేగంతో మనసు కదలదు.

శరీరం సంగతిలో ఇంకొకటి చెప్పాలి. కుష్ఠు రోగి వేళ్ళు వంగిపోవడం, పాదం పడిపోవడం చూసి క్రిమి తినేసిందనుకుంటాం. చాలావరకు అది క్రిమి పని కాదు. నరంలో దాక్కున్న క్రిమిమీదికి సొంత కాపలా దళం విరుచుకుపడినప్పుడు నరమే దెబ్బతింటుంది. చికిత్స జరుగుతుండగానే, ఒక్కోసారి క్రిములు చచ్చిన తర్వాత కూడా, ఉన్నట్టుండి మచ్చలు ఎర్రబడి ఉబ్బి, మోచేతి నరం పోట్లు పెట్టి, కొద్దిరోజుల్లో చెయ్యి పనిచేయకుండా పోతుంది. రోగులు దీన్ని రియాక్షన్ అంటారు. అప్పుడు డాక్టరు ఇచ్చేది క్రిమిని చంపే కొత్త మందు కాదు, కాపలావాణ్ణి శాంతింపజేసే ప్రెడ్నిసొలోన్. ఎలుకమీద కోపంతో ఇంటికి నిప్పంటించుకున్నట్టు అని మనవాళ్ళు అనేది ఇదే. వేళ్ళు అరిగిపోవడం ఆ తర్వాతి మాట. స్పర్శ పోయిన చేతికి కాలినా తెలియదు, కోసుకున్నా తెలియదు. ఈ సంగతిని లోకానికి గట్టిగా చెప్పినవారిలో డాక్టరు పాల్ బ్రాండ్ ఒకరు. తమిళనాడు కొల్లి కొండల్లో సేవచేసిన బాప్టిస్టు దంపతుల కుమారుడు. వెల్లూరులో ఆయన వంగిన వేళ్ళను శస్త్రచికిత్సతో సరిచేశారు. నొప్పి ఒక వరమని జీవితమంతా చెప్పారు.

బొల్లి సంగతి కూడా చూడండి. మన పల్లెల్లో బొల్లినీ కుష్ఠునూ ఒకటే అనుకుని పెళ్ళిళ్ళు తప్పించారు. బొల్లిలో క్రిమే లేదు. చర్మానికి రంగునిచ్చే కణాలను సొంత తెల్లకణాలే శత్రువనుకుని చంపుతాయి. కంచే చేను మేసినట్టు. ఆ మచ్చమీద స్పర్శ మామూలుగా ఉంటుంది, ఎవరికీ అంటదు. కీళ్ళను తినేసే రుమటాయిడ్ వాతమూ ఇట్లాంటిదే. దానికి ఈనాడు డాక్టర్లు ముందుగా రాసే మందు మెథోట్రెక్సేట్. ఆ మందు వెనక మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ప్రయోగశాల ఉంది. 1923లో అమెరికా చేరి, అక్కడే 1948లో కన్నుమూసిన ఆయన బృందం లెడర్లీ కంపెనీలో ఇట్లాంటి మందులను క్యాన్సరుకోసం తయారు చేసింది. వారానికి ఒక్కసారి చిన్న మోతాదులో ఇస్తే అదే మందు దారితప్పిన కాపలాను అదుపు చేస్తుందని తర్వాత తేలింది. పొట్ట చేతపట్టుకుని దూరదేశం పోయినవాడు ఏ ఊరివాళ్ళ కీళ్ళకు పనికివస్తాడో ఎవరు చెప్పగలరు!

కరోనాలో చాలామంది ప్రాణం తీసింది కూడా వైరస్ ఒక్కటే కాదు, ఊపిరితిత్తుల్లో అదుపు తప్పిన సొంత పోరాటం. డెక్సామెథసోన్ అనే చవకైన స్టెరాయిడ్, వెంటిలేటరుమీద ఉన్నవాళ్ళలో మరణాలను మూడోవంతు తగ్గించిందని 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన పరీక్ష చూపించింది. అయితే 2021లో రెండో అల వచ్చినప్పుడు మనవాళ్ళు ఆ మందును అవసరం ఉన్నా లేకున్నా మింగారు. షుగరు ఉన్నవాళ్ళలో కాపలా మరీ కుంగిపోయి నల్ల ఫంగస్ ప్రబలింది. కన్ను పోగొట్టుకున్నవాళ్ళున్నారు. పోరాటం ఎక్కువైనా చావే, తక్కువైనా చావే. కాబట్టి ఇమ్యూనిటీ పెంచుతామని అమ్మేవాడిని ఒక ప్రశ్న అడగండి, ఎంతదాకా పెంచుతావు నాయనా అని.

మంచి కాపలా గొప్పదనం దెబ్బలో లేదు, ఆగడంలో ఉంది. రొమ్ము ఎముక వెనుక థైమస్ అనే చిన్న గ్రంథి ఉంటుంది. మన పోరాట కణాలకు అది శిక్షణ బడి. టి.సి.హెచ్. కంటే చాలా కఠినమైన బడి! చేరిన లేత కణాల్లో నూటికి తొంభైకి పైగా బయటికి రాకుండానే చనిపోతాయి. కొన్ని దేన్నీ గుర్తుపట్టలేనివి, కొన్ని సొంత శరీరం మీదికే తిరగబడేవి. అక్కడ తప్పించుకుని బయటపడ్డవాటిని ఆపడానికి మరో జాతి కణాలున్నాయని 1995లో జపాన్ శాస్త్రవేత్త సకగుచి చూపించారు. చాలామంది నమ్మలేదు. ముప్పై ఏళ్ళకు, 2025లో, ఆయనకూ మరో ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలకూ నోబెల్ బహుమతి వచ్చింది. తల్లి గర్భంలోని బిడ్డను చూడండి. ఆ బిడ్డలో సగం తండ్రిది, అంటే తల్లి శరీరానికి పరాయిది. లెక్క ప్రకారం తల్లి రక్తం దాన్ని తరిమికొట్టాలి. తొమ్మిది నెలలు మోస్తుంది. పరాయిదంతా శత్రువు కాదని శరీరానికి తెలుసు. పేగుల్లో కోట్ల కోట్ల సూక్ష్మజీవులు కాపురముంటాయి, వాటితో మనకు అన్నం అరుగుతుంది. ఊరు మారి, భాష మారి, ఇంకొకరి ఊళ్ళో కాపురం పెట్టిన మనకు ఈ సంగతి విడమరచి చెప్పనవసరం లేదు.

అయితే ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. శరీరం ఇట్లా చేస్తుంది గనుక సంఘమూ ఇట్లాగే చేయాలి అని తేలిగ్గా అనేస్తాం. ప్రసంగానికి బాగుంటుంది. నాకు మాత్రం అంత నమ్మకం లేదు. కణానికి ఎంపిక లేదు. అది బొల్లి తెచ్చినా పాపం లేదు, బిడ్డను మోసినా పుణ్యం లేదు. దానికి కళ్ళు లేవు, ఆకారం అతికితే కదులుతుంది. మాకు కళ్ళున్నాయి. పెన్ను మొనతో పరీక్షించి చెప్పిన మనిషి మాట మా చెవుల్లో ఉంది. శరీరం పొరబడితే అది జబ్బు, మేం పొరబడితే అది అన్యాయం. ఈ రెంటినీ కలిపేస్తే నా తప్పు సహజమైపోతుంది. అది నేను ఒప్పుకోను.

ఒకరోజు మా అబ్బాయి నాతో వాదించాడు. "నాన్నా, ఆ రోజు బడి ఖాళీ అయ్యుంటే నలభైమంది చదువు పోయేది గదా, మీరు చేసిందాంట్లో న్యాయం లేదా" అని. ఆలోచించాను. నలభైమంది చదువు నిజంగానే విలువైనది. కానీ వాళ్ళకు ప్రమాదం ఉన్నది నిజమైతే ఆ లెక్క వేయాలి. ప్రమాదం లేదని నాకు తెలుసు. కాబట్టి నేను నలభైమందిని కాపాడలేదు, వాళ్ళ తల్లిదండ్రుల భయాన్ని కాపాడాను. దానికోసం ఒక పిల్లవాణ్ణి ఖర్చుపెట్టాను. నాలుగు రోజులు ఇల్లిల్లూ తిరిగి చెప్పి ఉంటే కొందరైనా వినేవాళ్ళేమో. నాకు అప్పుడు ఇరవై మూడేళ్ళు, తిరగడానికి కాళ్ళున్నాయి.

నిజంగా అంటుకునే రోగంలో దూరం పాటించడం తప్పు కాదు. దగ్గుతున్న క్షయ రోగి మందు పనిచేసేదాకా నోటికి గుడ్డ కట్టుకోవాలి, చంటిపిల్లలకు దూరంగా ఉండాలి. దానికి ఒక కారణం, ఒక గడువు ఉంటాయి. మేం పెట్టిన గడువు "మచ్చ పోయినాక". మచ్చ పోయిందా అని చూడడానికి మాత్రం ఒక్కరోజూ వెళ్ళలేదు.

మొదట్లో అడిగిన ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. ఆరోగ్యం మన సంపాదనా? నూటికి తొంభై ఐదుమందికి కుష్ఠు రాదంటే, ఆ తొంభై ఐదుమంది ఏ పరీక్ష పాసయ్యారు? ఏమీ లేదు. అది తల్లిదండ్రులనుంచి వచ్చిన సొత్తు. తిండి, నిద్ర, ఇరుకు లేని ఇల్లు కొంత సాయం చేస్తాయి, అవి కూడా అందరికీ సమానంగా దొరకలేదు. ఇక టీకావల్ల వచ్చిన రక్షణయితే అది పక్కా ఇతరుల కష్టం. మా ఊరికి పొరుగున ఉన్న ప్రాంతమే మదనపల్లె. అక్కడ అనేక మిషన్లు కలిసి 1912లో తలపెట్టిన ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి ఉంది. మన దేశంలో బి.సి.జి. టీకాలు 1948లో మొదలైంది ఆ మదనపల్లెలోనే. రాజాజీ అంతటివారు 1955లో ఆ టీకాను గట్టిగా వ్యతిరేకించారు. ఆయన అనుమానం పూర్తిగా వట్టిది కాదు. పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని, 1968లో చెంగల్పట్టులో మొదలైన పెద్ద పరీక్షలో తేలింది. కానీ పసిపిల్లల మెదడుకు సోకే క్షయనుంచి అది కాపాడుతుంది, కుష్ఠునుంచీ కొంత కాపాడుతుంది. మన ఎడమ భుజంమీద ఉన్న ఆ చిన్న గుంట మచ్చ, ఎవరో మనకోసం చేసిన పని గుర్తు. మచ్చలన్నీ సిగ్గుపడవలసినవి కావు.

టీకా మనకోసం మాత్రమే వేసుకునేది కూడా కాదు. తట్టు టీకా మన దేశంలో తొమ్మిది నెలలు నిండాక వేస్తారు. అంతకంటే చిన్న బిడ్డకు రక్షణ ఏది? చుట్టూ ఉన్న మనమే. అన్నకూ అక్కకూ పక్కింటి పిల్లలకూ టీకా పడి ఉంటే తట్టు ఆ చంటిబిడ్డదాకా రాలేదు. మందులవల్ల కాపలా తగ్గిన క్యాన్సరు రోగికీ అంతే. నా ఒంట్లోని ఇమ్యూనిటీలో కొంత భాగం నాది కాదు, ఆ బిడ్డది. పని వెతుక్కుంటూ ఊరినుంచి ఊరికి మారే మన కుటుంబాల్లో టీకా కార్డు మొదటి మకాంలోనే పోతుంది. ఆ తల్లులను అడిగి, దగ్గరి ఆరోగ్య కేంద్రానికి తోడుపోయే పని మన సంఘాల్లో యవ్వనస్థులు చేయగలరు. నేను చెప్పదలచిన ఉపదేశం ఇంతే, మిగిలినది నాకే ఉపదేశం కావాలి.

కుష్ఠు పోయిందనుకునేవాళ్ళున్నారు. పదివేలమందికి ఒకరికంటే తగ్గిందని 2005 డిసెంబరులో మన దేశం ప్రకటించింది నిజమే. కానీ 2022లో ప్రపంచమంతటా కొత్తగా నమోదైన సుమారు 1,74,000 మందిలో 1,03,000 పైచిలుకు మన దేశంవాళ్ళే. పావగడలో ఈ రోగులకూ క్షయ రోగులకూ ఏళ్ళుగా సేవ చేస్తున్నది స్వామి జపానంద గారి ఆధ్వర్యంలోని శ్రీ రామకృష్ణ సేవాశ్రమం. వారికి కృతజ్ఞత చెప్పాలి. మిషన్ల కాలంలో ఈ పనికి పేరుపడ్డ మనం ఇప్పుడు ఎక్కడున్నామని ఎవరైనా అడిగితే, మా తాలూకా వరకు నా దగ్గర మంచి జవాబు లేదు.

మొన్న ఎండాకాలం ఊరికి పోయి తిరిగి వస్తూ పావగడ బస్టాండులో కూర్చున్నాను. నడివయసు దాటిన మనిషొకడు వచ్చి "సార్, గుర్తుపడితిరా?" అన్నాడు. గుర్తుపట్టలేదు. పేరు చెప్పాడు. బెంగళూరులో సెంట్రింగ్ పని, ఇద్దరు పిల్లలు, కూతురు నర్సింగు చదువుతోందట. నేను ఆపుకోలేక చెయ్యి చూపించమన్నాను. నవ్వి చొక్కా పైకి మడిచాడు. మోచేతి కింద ఎండకు కమిలిన నల్లటి చర్మం తప్ప ఏమీ లేదు. "ఆ మాత్రలు కొన్నాళ్ళు మింగితి సార్, అదే పోయె" అన్నాడు.

కొంచెంసేపు ఊరివాళ్ళ సంగతులు మాట్లాడుకున్నాం. తర్వాత వాడే అడిగాడు. "ఆ పొద్దు సైకిల్లో వచ్చినాయప్ప నన్ను చూసి మీకేదో చెప్పె గదా సార్. ఏం చెప్పినాడు? మా నాయన్ని అడిగితే నాకు తెల్దు అనె."

చెప్పాను. బడికి పంపమన్నాడు, అంటుకోదన్నాడు, నేనే మీ నాయనకు చెప్పలేదు అని.

వాడు చొక్కా చెయ్యి కిందికి దించుకుని గుండీ పెట్టుకున్నాడు. బెంగళూరు బస్సు వచ్చింది. నా సంచి ఎత్తి లోపల పెట్టి, కిటికీ పక్క సీటు చూపించి, తను వెనకకు పోయి కూర్చున్నాడు.

మధుగిరి దాటేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.